పనిముట్ల చరిత్ర – 7: ఆరె ఉన్న చాకు

చాకు అనే మాట మనది కాదు. ఫారసీ, తుర్కీ భాషల్లోంచి ఉర్దూ మీదుగా మన దగ్గరికొచ్చింది. కత్తి మాత్రం మనదే. తమిళులూ కన్నడిగులూ మలయాళీలూ అదే మాట వాడతారు. కత్తి చూరులో ఉంటుంది, చేనులో ఉంటుంది, గడీ గోడ మీద వేలాడుతుంది. చాకు జేబులో ఉంటుంది. అందుకని చాకు చరిత్ర రాయబోయేవాళ్ళు ముందు జేబు చరిత్ర రాయాలి. గోచీ మీద బతికిన మనిషికి జేబెక్కడిది? అంగీ తొడుక్కుంటేనే కొట్టిన ఊళ్ళున్నాయి. మా తాత తన పనిముట్లు తోలుసంచిలో పెట్టుకుని భుజాన వేసుకునేవాడు. ఇక ఆడవాళ్ళ సంగతి చెప్పనక్కర్లేదు. ఈ రోజుకీ దర్జీని రెండుసార్లు బతిమాలితే తప్ప నా డ్రెస్సుకు జేబు రాదు.

మిత్రులారా, ఈ వారం మోట బొక్కెన గురించి రాస్తానని చెప్పాను. దాన్ని వచ్చే ఆదివారానికి జరుపుతున్నాను. కారణం మా చిన్నమ్మ కొడుకు. వాడికి హైదరాబాద్‌లోని ఫుట్‌వేర్ డిజైన్ అండ్ డెవలప్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్‌లో సీటొచ్చింది. ఏం కావాలిరా అంటే, "మంచి చాకు కొనియ్యి అక్కా, జేబుల పెట్టుకునేది" అన్నాడు. పక్కనే ఉన్న చిన్నమ్మకు నచ్చలేదు. "చాకేందే, పెన్నియ్యరాదు? పోలీసోళ్ళు సూస్తే ఏమనుకుంటరు?" అంది.

చిన్నమ్మ అన్న రెండు మాటలూ ఆలోచించదగినవే. ఒకటి పెన్ను, రెండు పోలీసు. వాటి వెంట పోతే ఈ వ్యాసం తయారైంది.

మన ఇళ్ళల్లో చదువుకునే పిల్లలకు పెన్ను ఇస్తాం. ఏ వాడలో చూసినా బాబాసాహెబ్ విగ్రహం కోటు జేబులో పెన్ను ఉంటుంది. పెన్ను అంటే మనకు సగం దేవుడు. అయితే పెన్నుకూ చాకుకూ పుట్టుకలోనే చుట్టరికం ఉంది. ఇంగ్లీషువాళ్ళు చిన్న చాకును 'పెన్ నైఫ్' అంటారు. పక్షి ఈకను కలంగా చెక్కడానికీ, ములికి అరిగితే మళ్ళీ చెక్కడానికీ వాడిన కత్తి అది. ఫారసీ దఫ్తరాల్లో రెల్లుకలం చెక్కే కత్తికి 'కలంతరాష్' అని పేరు. రాసేవాడి దగ్గర కత్తి లేకపోతే రాత ఆగిపోయేది.

మన తాటాకుల సంగతీ అంతే. ఆకు అంచు కోయడానికి కత్తి కావాలి, అక్షరం గీయడానికి గంటం కావాలి. దక్షిణాదిలో ఈ రెండింటినీ ఒకే పిడిలోకి మడిచిపెట్టే పరికరాలు తయారుచేశారు. ఒక వైపు విప్పితే గంటం, మరో వైపు విప్పితే చిన్న కత్తి. దంతం పిడివీ ఇత్తడి పిడివీ మ్యూజియాల్లో ఉన్నాయి. మడత చాకు అనగానే విదేశీ సరుకు అనుకుంటాం గానీ, స్విస్ చాకు కంటే ముందే మన దక్షిణాదికి తనదైన మడత చాకు ఉంది. అది రాసే కులాల నడుముకు ఉంది.

ఆ కత్తి ఏం కోసింది? ఆకునే కోసింది. గంటం ఆకు మీదే గీసింది. కానీ కరణం కవిలెలో ఏ పేరు ఎక్కిందో వాడిది భూమి, ఏ పేరు ఎక్కలేదో వాడిది వెట్టి. మన మాన్యాలు ఎలా పోయాయో పెద్దవాళ్ళనడగండి. ఎవరూ గొడ్డలితో వచ్చి తీసుకుపోలేదు. తాటాకు పోయి కాగితం వచ్చింది, గంటం పోయి కలం వచ్చింది, రాసే ఇల్లు మాత్రం మారలేదు. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం వంశపారంపర్య కరణీకాన్ని రద్దు చేసేదాకా చాలా ఊళ్ళల్లో తాత నుంచి మనవడికి అదే కవిలె.

ఇప్పుడు గంటం పక్కన ఇంకో ఇనుప ములికి పెట్టి చూడండి. ఆరె. చెక్క పిడి, సన్నని మొన. తోలుకు రంధ్రం పొడిచి వారు దూర్చడానికి. గంటం లాంటిదే, కొంచెం పొట్టి. రెండూ కమ్మరి కొలిమిలోనే పుట్టాయి. ఒకటి ఆకును గీకింది, ఒకటి తోలును పొడిచింది. తెలుగు కవి బొమ్మ వేస్తే చేతిలో గంటం తప్పదు. నన్నయకు గంటం, పోతనకు గంటం. ఆరె పట్టిన చెయ్యి ఏ పాఠ్యపుస్తకం అట్ట మీదైనా కనిపించిందా? తెలుగు సాహిత్యంలో డాక్టరేట్ చేశాను, నాకైతే కనిపించలేదు. మన సాహిత్యంలో తోలుపని మనిషి లేడని కాదు. పాల్కురికి సోమన బసవపురాణంలో మాదార చెన్నయ్య ఉన్నాడు, కానీ అక్కడ కవికి కావలసింది ఆయన భక్తి, ఆయన పెట్టిన అంబలి. 1941లో జాషువా గబ్బిలం వచ్చింది. అందులో తంజావూరు అరుంధతీసుతుడు చెప్పులు కుట్టే మనిషి. ఆయన ఆకలినీ కోపాన్నీ పద్యంలోకి తెచ్చినందుకు జాషువాకు ఎంత రుణపడ్డామో వేరే చెప్పక్కర్లేదు. పనిని, పనిముట్టును పేరుపేరునా చెప్పింది మాత్రం మన చిందు కళాకారుల జాంబపురాణం లాంటి నోటి కథలే. వాటిని సాహిత్యం అనడానికి విశ్వవిద్యాలయాలకు చాలా కాలం పట్టింది.

ఆరెకు జత రంపె. తోలు కోసేది, గీకేది. అంచు వెడల్పుగా ఉంటుంది, పిడి గుప్పిట్లోకి వస్తుంది. మా తాత రంపెతో తోలు అంచును రాతి మీద పెట్టి పలుచగా గీకితే చుట్టలు చుట్టలుగా లేచేదని అమ్మ చెబుతుంది. కుట్టు దగ్గర రెండు పొరలు కలిసినా ఎత్తుగా ఉండకూడదు కదా, అందుకు. తమ్ముడి కోర్సులో దీన్ని 'స్కైవింగ్' అంటారు. అందుకో కత్తి, ఆ కత్తికో పేరు, ఆ పేరు మీద మార్కులు. ఆ సంస్థకు 2017లో పార్లమెంటు చట్టం చేసి జాతీయ ప్రాముఖ్యం ఉన్న సంస్థగా హోదా ఇచ్చింది. మంచిదే, నాకు సంతోషమే. మాదిగలు ఊరి బయట చేసిన పనికి సైన్స్ అని పేరు పెట్టి 2009లో కంచ ఐలయ్య పుస్తకం రాస్తే నవ్వినవాళ్ళు, అదే పనికి డిగ్రీ ఇస్తే ఫీజు కట్టి క్యూలో నిలబడుతున్నారు.

ఇక్కడ ఒక్క మాట కొలిమి గురించి. రంపెను చేసిచ్చింది కమ్మరి. కమ్మరి కొలిమికి గాలి ఊదింది తోలు తిత్తి. ఆ తిత్తి మాదిగ చేసింది. అంటే రంపె లేకుండా తిత్తి లేదు, తిత్తి లేకుండా రంపె లేదు. ఏది ముందు అని అడిగితే కోడీ గుడ్డూ కథే. అయినా కొలిమి ఊళ్ళో ఉంది, లంద ఊరి బయట ఉంది. సున్నంలో నానబెట్టి వెంట్రుక ఊడదీసి, తంగేడు చెక్క రసంలో నెలల తరబడి ఊరబెట్టిన తోలు వాసన అంత దూరం కొట్టింది. ఆ తోలుతో చేసిన మోటలో నీళ్ళు తోడి పారించిన పొలంలోని వడ్లకు మాత్రం వాసన రాలేదు. మా అమ్మమ్మ ఆ లందలో దిగి పనిచేసింది. రంపె మాత్రం తాతదే, ఆమె చేతికి రాలేదు. కులం లోపల కూడా పదునున్నది ఎవరి చేతికి పోతుందో చూసుకోవాలి మనం.

ఇప్పుడు చాకు దగ్గరికి. తమ్ముడి కోసం వెతుకుతుంటే మొదట కంటబడ్డవి రాంపురీ తరహావి. మీట నొక్కితే అలుగు బయటికొచ్చేవి. ఉత్తరప్రదేశ్ రాంపూర్ కత్తిపనివాళ్ళ నైపుణ్యానికి హిందీ సినిమా రౌడీ ముద్ర వేసింది, మన సినిమా దాన్నే అరువు తెచ్చుకుంది. అది వద్దు. తర్వాత ఫ్రాన్స్ సవాయ్ కొండల ఒపినెల్. 1890లో జోసెఫ్ ఒపినెల్ మొదలుపెట్టాడు. గుండ్రని చెక్క పిడి, ఒకే అలుగు, 1955 నుంచి అలుగు జారకుండా తిప్పే రింగు. రైతుల చాకు అది, చూస్తే ముచ్చటేస్తుంది. షెఫీల్డ్ పేరున్నవీ చూశాను. ఆ ఊరి చాకుల మెరుపు వెనక ఏముందో తెలుసుకోవాలంటే 1845లో ఎంగెల్స్ ఇంగ్లండ్ కార్మికుల మీద రాసిన పుస్తకం చదవండి. పొడిరాయి మీద పదును పెట్టే కార్మికులు రాతిధూళి పీల్చి 35 ఏళ్ళు దాటడమే కష్టమని అక్కడి వైద్యుడు చెప్పిన సంగతి అందులో ఉంది. ఏ దేశంలోనైనా అలుగు తయారుచేసేవాడి ఊపిరి వేరు, అలుగు జేబులో పెట్టుకునేవాడి ఊపిరి వేరు.

చివరికి స్విస్ చాకు. ఎర్ర పిడి, తెల్ల సిలువ, అందరికీ తెలిసిందే. దీని పుట్టుక ఇలా. 1880ల చివర స్విస్ సైన్యానికి కొత్త రైఫిల్ వచ్చింది. దాన్ని విప్పడానికి స్క్రూడ్రైవర్ కావాలి, డబ్బా తిండి తెరవడానికి ఓపెనర్ కావాలి. అన్నీ ఒకే చాకులో ఉండాలని నిర్ణయించారు. మొదటి దఫా చాకులు జర్మనీలోని జోలింగెన్‌లో తయారయ్యాయి. ఇబాఖ్ అనే ఊరి కత్తిపనివాడు కార్ల్ ఎల్సెనర్ ఆ పని మన దేశంలోనే చేద్దామని స్విస్ పనివాళ్ళను కూడగట్టి 1891 నుంచి సైన్యానికి ఇవ్వడం మొదలుపెట్టాడు. 1897లో తేలికగా ఉండే ఆఫీసర్ చాకు నమోదు చేయించాడు. విక్టోరినాక్స్ కంపెనీ అదే.

ఆ మొదటి సైనికుడి చాకులో నాలుగే పనిముట్లు. అలుగు, డబ్బా ఓపెనర్, స్క్రూడ్రైవర్, నాలుగోది ఆరె.

అవును, ఆరె. తోలు పట్టీకి, బూటుకు రంధ్రం పొడుచుకోవడానికి. ఈ రోజుకీ ఆ కంపెనీ చాలా చాకుల వీపు వైపు అది మడిచి ఉంటుంది, కొన్నిటికి దారం ఎక్కించే కన్ను కూడా ఉంటుంది. డాక్టర్ల జేబుల్లో, ఇంజనీర్ల తాళాల గుత్తుల్లో, కొండలెక్కేవాళ్ళ సంచుల్లో ఆరె తిరుగుతోంది. వాళ్ళల్లో ఎవరినీ దాని వల్ల ఎవరూ ఎడంగా నిలబెట్టలేదు. దుకాణంలో ఆ ములికిని గోటితో విప్పి చూసినప్పుడు నాకు ఇంకే చాకూ అక్కర్లేదనిపించింది.

సంవత్సరాలు ఒక్కసారి పక్కపక్కన పెట్టండి. 1891లో స్విట్జర్లాండ్ తన సైనికుడి జేబులో ఆరె పెట్టింది. ఆ ఏడాదే మహూ సైనిక కంటోన్మెంట్‌లో సుబేదార్ రాంజీ ఇంట బాబాసాహెబ్ పుట్టారు. ఇంచుమించు ఆ ఏళ్ళల్లోనే బ్రిటిష్ సైన్యం 'యుద్ధ జాతులు' అనే సిద్ధాంతం పట్టుకుని మహార్లను చేర్చుకోవడం ఆపేసింది. 1894లో గోపాల్ బాబా వలంగ్కర్ మా పిల్లలను మళ్ళీ చేర్చుకోండని అర్జీ రాశారు. ఒక దేశం సైనికుడికి తోలుపని చేసేవాడి పనిముట్టు ఇచ్చింది, మరో దేశంలో అంటరాని కులంలో పుట్టినవాడు సైనికుడిగానే పనికిరాకుండా పోయాడు.

బాబాసాహెబ్ ఈ విషయం మరిచిపోలేదు. 1936లో లాహోర్ సభ కోసం రాసి, సభ జరగక తానే అచ్చేయించిన 'కులనిర్మూలన'లో, కింది కులాలు ఎందుకు తిరగబడలేదన్న ప్రశ్నకు ఆయన జవాబు సూటిగా ఉంటుంది. వాళ్ళ చేతిలో ఆయుధం ఉండనివ్వలేదు, చదువు ఉండనివ్వలేదు. ఐరోపా పేదవాడికి సైన్యంలో చేరే స్వేచ్ఛ, రాజకీయ బలం, విద్య అనే మూడు ఆయుధాలున్నాయి, మనకు మూడూ లేకుండా చేశారంటారాయన. పెన్ను మాత్రమే ఇస్తే చాలదని చిన్నమ్మకు చెప్పలేకపోయాను గానీ, బాబాసాహెబ్ లెక్క ఒకటి కాదు, మూడు.

ఇక చిన్నమ్మ రెండో మాట, పోలీసు.

1878లో వలస ప్రభుత్వం ఆయుధాల చట్టం తెచ్చి భారతీయులకు లైసెన్సు తప్పనిసరి చేసింది, యూరోపియన్లకు మినహాయింపు ఇచ్చింది. జాతీయోద్యమ చరిత్రల్లో ఇది పెద్ద అవమానంగా రాస్తారు. నిజమే. అయితే తెల్లవాడి చట్టం రాకముందే ఊరి కట్టుబాటు చేత నిరాయుధులైన జనం ఉన్నారని ఆ చరిత్రల్లో ఒక్క వాక్యం ఉండదు. ఇప్పుడున్నది 1959 చట్టం. నిబంధనల ప్రకారం 9 అంగుళాల కంటే పొడవు, లేదా 2 అంగుళాల కంటే వెడల్పు అలుగున్న కత్తులు ఆయుధాల లెక్కలోకి వస్తాయి. ఇంటి పనికి, వ్యవసాయానికి, శాస్త్ర, పారిశ్రామిక అవసరాలకు చేసినవి అందులోకి రావు. సిక్కులకు కృపాణం ధరించే హక్కును రాజ్యాంగం 25వ అధికరణలోనే వివరణగా చేర్చారు. ఆ సిక్కుల గురుగ్రంథంలోనే చర్మకారుడు రవిదాసు పాటలున్నాయని, వాటిలో ఒకదానిలో 'ఆర్', 'రాంబీ' అనే మాటలు రెండూ వస్తాయని ఎంతమందికి తెలుసు? మన ఆరె, మన రంపె. ఇనుము కంటే మాటలే ఎక్కువ దూరం నడిచాయి.

చట్టం ప్రకారం తమ్ముడి చాకుకు ఏ ఇబ్బందీ లేదు. అలుగు మూడంగుళాలు కూడా ఉండదు, మీట ఉండదు, రెండు చేతులతో విప్పుకోవాల్సిందే. కానీ చిన్నమ్మ భయపడింది అంగుళాల గురించి కాదు. నేను చదువుకున్న ఒక హాస్టల్లో ఒకసారి గదులు తనిఖీ చేశారు. నా ట్రంకుపెట్టెలో ఉల్లిగడ్డలు కోసుకునే చాకు దొరికింది. పక్క గది అమ్మాయి దగ్గరా అలాంటిదే ఉంది, ఇద్దరం ఒకే అంగడిలో కొన్నాం. ఆమెను "పండ్లు కోసుకోవడానికామ్మా?" అని అడిగి తిరిగి ఇచ్చారు. నాది తీసుకుని రిజిస్టర్‌లో నా పేరు ఎదురుగా 'కత్తి – 1' అని రాసుకున్నారు. మన పేరు రికార్డులోకి ఎక్కడానికి ఎప్పుడూ ఆలస్యమవుతుందని ఎవరన్నారు?

1985 జూలై 17న కారంచేడులో, 1991 ఆగస్టు 6న చుండూరులో మారణాయుధాలు ఎవరి చేతుల్లో ఉన్నాయో అందరికీ తెలుసు. ఆ తర్వాతే, అత్యాచారాల నిరోధక చట్టం కింద 1995లో నిబంధనలు వచ్చాయి. మూడో నిబంధన చదవండి. దాడులు జరిగే అవకాశం ఉన్న ప్రాంతాన్ని గుర్తించి, అవసరమైతే అక్కడి దళితేతరుల, ఆదివాసీయేతరుల ఆయుధ లైసెన్సులు రద్దు చేయమంది. అవసరమైతే ఎస్సీ, ఎస్టీలకు రక్షణ కోసం లైసెన్సులు ఇవ్వమంది కూడా. కార్యకర్తల్లోనే చాలామందికి ఈ వాక్యం ఉన్నట్టు తెలియదు. మీ జిల్లాలో ఈ నిబంధన కింద ఎన్ని రద్దు చేశారు, ఎన్ని ఇచ్చారు అని సమాచార హక్కు కింద ఒక దరఖాస్తు పెట్టండి. పది రూపాయల ఖర్చు. వచ్చిన జవాబులు నాకు పంపితే ఒక భాగం వాటి మీదే రాస్తాను.

కొన్న సంగతి చెబుతాను. దుకాణం కుర్రాడు "మేడమ్, కిచెన్ నైఫ్‌లు అటు" అన్నాడు. కాదు, ఇటే అన్నాను. గాజు పెట్టెలోంచి నాలుగు రకాలు తీసి పెట్టాడు. కత్తెర, రంపం, భూతద్దం ఉన్న లావుపాటిది చూపించి అందరూ ఇదే కొంటారన్నాడు. జేబులో ఇటుక పెట్టుకున్నట్టుంది. నేను తీసుకున్నది పలుచటిది, అల్యూమినియం పిడిది. సైనికుల చాకు వారసత్వంలో వచ్చిన పయొనీర్ అనే రకం. పెద్ద అలుగు, రెండు ఓపెనర్లు, ఆరె. ఖరీదు నా జీతానికి నొప్పి తెలిసేంత. ఒపినెల్ ఇందులో సగానికే వచ్చేది, అయినా ఆరె లేదు కదా. ఎవరైనా తమ్ముళ్ళకో శిష్యులకో కొనాలనుకుంటే ఇవి చూడండి: మీట నొక్కితే తెరుచుకునేది వద్దు, అలుగు అరచేతి వెడల్పు దాటొద్దు, మడత దగ్గర వదులుండొద్దు, బిల్లు లేకుండా తీసుకోవద్దు. విమానం ఎక్కేటప్పుడు చేతిసంచిలో వద్దు, లగేజీలో వేయాలి.

ఇవ్వడంలో ఒక చిక్కొచ్చింది. కత్తి చేతికియ్యొద్దు, గొడవలొస్తాయి, కింద పెడితే వాడే తీసుకుంటాడంది చిన్నమ్మ. ఉప్పు, మిరపకాయల గురించి కూడా ఇదే చెబుతారు. ఐరోపాలోనూ కత్తి బహుమతిగా ఇస్తే ఒక నాణెం తిరిగి తీసుకోవాలట, లేకపోతే స్నేహం తెగుతుందట. నమ్మకాలదేముంది, ఎవరివి వాళ్ళవి. కానీ మా తాత కుట్టిన చెప్పులు కింద పెడితే ఆసామి కాలితో లాక్కుని తొడుక్కున్నాడు. గింజలు పైనుంచి కొంగులో పోశారు, నీళ్ళు పైనుంచి దోసిట్లో పోశారు. ఇంకా మన ఇంట్లో మనమే కింద పెట్టుకుని తీసుకోవడమెందుకు? వాడి చేతిలోనే పెట్టాను. చిన్నమ్మ మూతి తిప్పుకుంది గానీ, కాసేపటికి తనే అడిగి తీసుకుని ఆరె విప్పి బొటనవేలి మీద మొన చూసుకుంది. "నాయన దాని కంటే మొద్దుగుంది" అంది.

బిల్లు వాడి పేరు మీదే రాయించాను, ఇంటిపేరుతో సహా. అసలు వాడి పర్సులో ఉంది, నకలు చిన్నమ్మ బియ్యం డబ్బాలో ఉంది.

వచ్చే ఆదివారం మోట బొక్కెన.

జై భీమ్.